మల్లె పూయడం లేదా?

ఏపుగా పెరిగీ మొగ్గ తొడగని మల్లెను పీకివేయదలచిన సోదరీమణులకు మేము చెప్పేది ఒక్కటే: తొందరపడకండి. చాలా ఇళ్లలో దోషమంతా మన అతిప్రేమలోనే ఉంటుంది. తరచుగా యూరియా వేసి, ఏడాది పొడవునా నీరు పోస్తే మల్లె ఆకులనే పెంచుకుంటుంది. పువ్వు పుట్టేది కొత్త చిగుళ్లపైనే. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో కొద్దిరోజులు నీరు ఆపి, కొమ్మలను నేలనుంచి మూరెడు ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకులను దూసివేయాలి. పచ్చని కొమ్మను కోయడానికి చేయి రాదు, నిజమే, అయినా కోయవలసిందే. పిదప పాదు తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు వేసి నీరు పెట్టండి. మార్చి నాటికి మొగ్గలు కనిపిస్తాయి. మొక్క నీడలో ఉంటే మాత్రం ఇవేవీ ఫలించవు. ముందు కుండీని ఎండలోకి జరపండి.