నిజాం కొలువులో ఎవరి లెక్క వారిది

తొండూరు, పులివెందుల నేలను 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. హైదరాబాదులో ఉంచిన కంపెనీ పటాలాల ఖర్చు కింద జమ కట్టిన భూమి మనది. దత్తమండలాలన్న పేరు అక్కడిదే. కాపలా పరాయివాడికి అప్పగించిన ఆ రాజ్యానికి సొంత సైన్యాధిపతి మాట వినే అలవాటు ఎక్కడినుంచి వస్తుంది?

1947లో ఆ పరాయి కాపలా పోయింది. 1948 సెప్టెంబరు 13న భారత సేనలు సరిహద్దు దాటేనాటికి హైదరాబాదు ప్రధాని మీర్ లాయక్ అలీ. ఇంజినీరు, పరిశ్రమలు నడిపినవాడు. సైన్యాధిపతి మేజర్ జనరల్ ఎల్ ఎద్రూస్. మధ్యలో ఖాసిం రజ్వీ. ఊళ్ల మీద పడి చెలరేగిన అతని రజాకార్లు ఎద్రూస్ అజమాయిషీలో లేరు. ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ విమానాలు కరాచీ నుంచి దొంగచాటుగా దించే తుపాకులనూ, రజాకార్ల తలలనూ లెక్కేసుకుని ప్రధాని ధైర్యంగా ఉన్నాడు. సైనికుడికి తుపాకీ ఒక్కటే చాలదు. దాన్ని పట్టడం నేర్చిన చెయ్యి కావాలి, పైన కాచే విమానం కావాలి. హైదరాబాదుకు యుద్ధవిమానాలే లేవు. మొదటి రోజే సరిహద్దు దగ్గరి నల్‌దుర్గ్ చేజారింది. 17న నిజాం చేతులెత్తేశాడు, మర్నాడు ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయాడు.

ఢిల్లీలో మాత్రం నమ్మకం వెల్లివిరిసిందా? లేదు. సర్వసేనాని రాయ్ బుచర్ ఆంగ్లేయుడు, పాకిస్తాన్ సేనానీ ఆంగ్లేయుడే. కశ్మీర్‌లో పోరు సాగుతుండగా రెండో రంగం తెరవడం బుచర్‌కు ఇష్టం లేదు. కరాచీ నుంచి బాంబులు పడతాయేమోనని వాయిదా కోరాడు. పటేల్ ఒప్పుకోలేదు. బుచర్ భయం వట్టిదని నేననను, పటేల్ అనుమానమూ ఊరికే పుట్టలేదు. కాని అక్కడ ఆ అభ్యంతరం మొహం మీదే చెప్పారు, తోసిపుచ్చారు, ఆ తర్వాత ఒకే ఆజ్ఞ నడిచింది. హైదరాబాదులో నిజాం, ప్రధాని, రజ్వీ... ఎవరి దర్బారు వారిది. చేదు లెక్క చెప్పాల్సిన సేనాని దాన్ని ఎవరి ముందు పెట్టాలి?

గృహ నిర్బంధం నుంచి 1950లో పాకిస్తాన్‌కు తప్పించుకున్న లాయక్ అలీ తన జ్ఞాపకాల్లో ఎద్రూస్‌ను తప్పుపట్టాడు. ఎద్రూస్ కూడా తన కథ తాను రాసుకున్నాడు.