కంప్యూటేషనల్ ఇంజనీరింగ్‌లో బహుశాస్త్ర పీహెచ్‌డీ శిక్షణ గురించి తీర్మానం

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల కళాశాల అధ్యాపకులు, ఇంజనీరింగ్ పట్టభద్రులు, చెరువు కింది రైతులు చింతామణిలో కూడి, చర్చించి ఆమోదించినది.

మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్ళి ఈ చిక్కబళ్ళాపురం జిల్లాలోనిదే. ఆయన పేరుతో 1998లో ఏర్పడిన సాంకేతిక విశ్వవిద్యాలయానికి అక్కడ స్నాతకోత్తర కేంద్రం ఉంది. గౌరిబిదనూరు దగ్గర 1960ల నుంచి భూకంపాలను నమోదు చేసే పరికరాల వరుస, 1976 నుంచి రేడియో దూరదర్శిని పనిచేస్తున్నాయి. దేశానికి కావలసిన కొలతలు ఇన్నేళ్ళుగా మన నేలమీద తీస్తున్నారు. మన నేలకు కావలసిన లెక్క మాత్రం ఇంకా మిగిలే ఉంది.

ఆ లెక్క నీళ్ళది. ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపాగ్ని నందికొండల చుట్టుపక్కలే పుడుతున్నా ఇక్కడ ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. కిందిది గ్రానైటు, నైస్ రాయి. ఇసుక నేలలోలాగా నీళ్ళు అంతటా ఒకే మట్టాన ఊరవు, రాతి పగుళ్ళ వెంట పోతాయి. ఒకరి చేలో నీళ్ళు పడి, గట్టు దాటగానే దుమ్ము లేచేది అందుకే. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని బోరుకు చోటు చూపేవారిని ఇవాళ్టికీ పిలుస్తున్నాం. మహిమలను ప్రశ్నించిన భౌతికశాస్త్రవేత్త హెచ్. నరసింహయ్యగారు పుట్టిన జిల్లాలో ఇది కొంచెం సిగ్గుపడవలసిన సంగతే. కానీ రైతు ఖర్చుకు తగిన మేలైన దారి మనం చూపించామా అని కూడా సభ తనను తాను అడిగింది.

ఇప్పుడు దీనికి ఇంకో చిక్కు తోడైంది. బెంగళూరు మురుగునీటిని రెండో దశ వరకు శుద్ధిచేసి హెబ్బాళ, నాగవార లోయల నుంచి మన చెరువుల్లోకి ఎత్తిపోస్తున్నారు. చెరువు నిండితే సంతోషమే. అందులోని లవణాలు, లోహాలు ఏ పగులు వెంట ఏ బోరులోకి, ఎన్నేళ్ళకు చేరతాయన్నది కంటితో చూసి చెప్పగలిగేది కాదు. రాతిపొరను లక్షల గడులుగా విడగొట్టి, గడిగడికీ నీటి పీడనానికీ ప్రవాహానికీ సమీకరణం రాసి, అన్నిటినీ కలిపి సాధించాలి. భూగర్భశాస్త్రం చదివినవారికి పగులు తెలుసు, ఆ సమీకరణాలు లొంగవు. కంప్యూటర్ చదివినవారు సమీకరణాలను సాధిస్తారు, బోరులోంచి వచ్చిన రాతిపొడి ఎన్నడూ చూసి ఉండరు. కొలతలు తక్కువైతే ఇలా కట్టే మోడల్‌ను మనం కోరిన జవాబుకు ఒప్పించడం కష్టమేమీ కాదు. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ఇలాంటి చదువుకు దారి లేకపోలేదు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో కంప్యూటేషనల్, డేటా శాస్త్రాల విభాగం ఉంది. 2022లో అక్కడ మొదలైన పరమ్ ప్రవేగ సూపర్ కంప్యూటర్ సామర్థ్యం 3.3 పెటాఫ్లాప్స్. అదే సంస్థవారు ఫ్రెంచి పరిశోధకులతో కలిసి కబిని పరీవాహకంలో ఏళ్ళ తరబడి నీటి కొలతలు తీస్తూ మోడళ్ళు కట్టారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 పీహెచ్‌డీ నిబంధనలు వేరే విభాగం నుంచీ, వేరే సంస్థ నుంచీ సహ గైడును పెట్టుకోనిస్తున్నాయి.

కాబట్టి ఈ సభ తీర్మానిస్తున్నది ఏమనగా:

ముద్దేనహళ్ళి కేంద్రం, విజ్ఞాన సంస్థ కలిసి రాతినేల నీటి మీద ఒక ఉమ్మడి పీహెచ్‌డీ శిక్షణ నడపాలి. ప్రతి విద్యార్థికీ గణన వైపు ఒకరు, భూమి వైపు ఒకరు గైడులుగా ఉండాలి. ఇద్దరు గైడులంటే ఇద్దరత్తల కోడలి కాపురమేనని ఒక అధ్యాపకురాలు హెచ్చరించారు. ఆ మాట నిజమే గనుక, ఎవరి బాధ్యత ఎంతో, మాట కుదరనప్పుడు తీర్పు ఎవరిదో చేరిన రోజే రాతలో ఉండాలని చేర్చాం.

కోర్సు పనికి యూజీసీ నిబంధనలు కనీసం 12 క్రెడిట్లు అడుగుతున్నాయి. అందులో సగం విద్యార్థి తాను చదవని శాస్త్రానిదై ఉండాలి. దాని తర్వాత ఒక పూర్తి నీటి సంవత్సరం, అంటే జూన్ నుంచి మే దాకా, ఈ మూడు తాలూకాలలో బోరు మట్టాలు స్వయంగా కొలవాలి. వేసవి తప్పించుకుంటే కుదరదు.

కొలతలు, ప్రోగ్రాములు అందరికీ అందుబాటులో ఉంచాలి. బోరు యజమాని ఒప్పుకోకపోతే అతని సర్వే నంబరు బయటపెట్టరాదు. సిద్ధాంత వ్యాసం సారాంశం కన్నడంలోనూ తెలుగులోనూ రాసి, కొలతలు తీసిన ఊరి గ్రామసభలో చదివి వినిపించాలి. ఇది పరిశోధకుల పని కాదని ముగ్గురు సభ్యులు వ్యతిరేకించారు, వారి అభిప్రాయం నమోదైంది.

2023 జనవరి నుంచి నెలకు రూ. 37,000గా ఉన్న జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు (జేఆర్ఎఫ్) సమానమైన వేతనం, దానికి తోడు పల్లెల్లో తిరిగే ఖర్చు ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని సభ కోరుతున్నది.

ఈ తీర్మానం కన్నడ, తెలుగు ప్రతులను విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయ కులపతి కార్యాలయానికీ, భారతీయ విజ్ఞాన సంస్థకూ, చిన్న నీటిపారుదల శాఖకూ, మూడు తాలూకాల శాసనసభ్యులకూ పంపాలి. బోరు లెక్కలు ఇవ్వడానికి సిద్ధపడిన రైతుల జాబితాను ప్రతులకు జతచేసే ముందు వారి సంతకాలు మళ్ళీ తీసుకోవాలి.