మొదటి సంచిక చదివారా అని అడిగేవాళ్ళకి

రెండేళ్ళ క్రితం హైదరాబాద్‌లో ఒక కామిక్స్ ప్రదర్శనకి వెళ్ళాను. అప్పుడే చదవడం మొదలుపెట్టిన ‘మిస్ మార్వెల్’ తర్వాతి భాగం ఉందా అని ఒక బల్ల దగ్గర అడిగితే, ఇరవై ఏళ్ళు కూడా ఉండని కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి “పిల్లలకా ఆంటీ?” అన్నాడు. నాకే అన్నాను. అక్కడ మొదలైంది పరీక్ష. ఎర్త్-616 అంటే ఏమిటో తెలుసా? పాత సంచికల నుంచీ చదివారా, సినిమాలు చూసి వచ్చారా? నా పీహెచ్‌డీ వైవాలో కూడా ఇన్ని ప్రశ్నలు పడలేదు.

ఈ సంగతి మా కాలేజీలో ఒక సీనియర్ అధ్యాపకురాలికి నవ్వుతూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు. “స్త్రీవాద విమర్శ మీద థీసిస్ రాసినదానివి, నీకీ కండల వీరుల బొమ్మల పుస్తకాలేమిటమ్మా? అదీ అమెరికా సరుకు!” అంది. కుర్రాడి మాట ఆ సాయంత్రానికే మర్చిపోయాను. ఆవిడ మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. కుర్రాడు లోపలికి రావడానికి అర్హత అడిగాడు, ఆవిడ లోపలికి ఎందుకు వెళ్ళావని సంజాయిషీ అడిగింది. ఇద్దరూ గుమ్మం దగ్గర కాపలా కూర్చున్నవాళ్ళే.

ఒప్పుకోవలసినవి ముందే ఒప్పుకుంటాను. మార్వెల్‌ని 2009లో డిస్నీ కొనేసింది. అక్కడ పాత్రలు చాలావరకు రాసినవాళ్ళవి కావు, కంపెనీవి. పాత సంచికల్లో ఆడవాళ్ళని గీసిన తీరు చూస్తే, వెన్నెముక ఉన్న మనిషెవరూ అలా నిలబడలేరు. మగవీరుడికి ఆవేశం తెప్పించడానికి ఆడదాన్ని చంపడం ఆ లోకమంతటా మామూలే. 1994లో మరో కంపెనీ డీసీ వారి ‘గ్రీన్ లాంటర్న్’లో హీరో ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో కుక్కారు. గెయిల్ సిమోన్ అనే పాఠకురాలు, అప్పటికి వృత్తి హెయిర్‌డ్రెసర్, 1999లో ఇలా చంపిన, చెరిచిన, శక్తులు లాగేసిన స్త్రీ పాత్రలన్నిటినీ జాబితా రాసి దానికి ఆ ఫ్రిజ్ పేరే పెట్టింది. అది చదివితే కడుపులో దేవుతుంది.

మరెందుకు చదువుతున్నాను? కరోల్ డాన్వర్స్ కథ చెబుతాను.

1980లో ‘అవెంజర్స్’ రెండు వందల సంచిక వచ్చింది. అందులో కరోల్ ఎలా అయిందో తనకే తెలియని గర్భంతో ఉంటుంది. పుట్టిన బిడ్డ గంటల్లో పెరిగి మార్కస్ అనే యువకుడవుతాడు. తనే ఆమెని ఎత్తుకుపోయాననీ, యంత్రాలతో ఆమె మనసుని లొంగదీసుకుని ఆమె కడుపున మళ్ళీ పుట్టాననీ చెబుతాడు. అంతా విన్న తోటి వీరులు కరోల్‌ని అతనితోనే సాగనంపుతారు! ప్రేమకథగా ముగించారు. దాన్ని అత్యాచారం అని పేరు పెట్టి రాసింది కరోల్ స్ట్రిక్‌లాండ్ అనే పాఠకురాలు, ఒక అభిమానుల పత్రికలో. అంతకుముందు ఆ పాత్రని రాసిన క్రిస్ క్లేర్‌మాంట్‌కీ ఆ కథ మింగుడుపడలేదు. 1981లో ‘అవెంజర్స్’ వార్షిక సంచికలో అతను కరోల్‌ని వెనక్కి తెచ్చి, ఆ వీరుల ఎదుటే నిలబెట్టి అడిగించాడు: నన్ను అతనితో పంపించేశారే, నాకేమైందని మీలో ఒక్కరైనా అడిగారా అని. వాళ్ళ దగ్గర జవాబు లేదు.

నా థీసిస్‌లో సగం ఈ పని గురించే. పాత గ్రంథంలో స్త్రీకి జరిగిన అన్యాయాన్ని విప్పి చూపించడం. చూపిస్తాం, వ్యాసం వేస్తాం, గ్రంథం మాత్రం అలాగే ఉంటుంది. ఇక్కడ కథలో జరిగిన తప్పుని అదే కథలో, అదే పాత్ర నోట, మరుసటి ఏడే నిలదీశారు. బార్బరా గోర్డన్‌ని 1988లో తుపాకీతో కాల్చి కుర్చీకి పరిమితం చేసి వదిలేస్తే, అది సహించలేని కిమ్ యేల్, ఆమె భర్త జాన్ ఆస్ట్రాండర్ మరుసటి ఏడాది ఆమెని ‘ఒరాకిల్’గా నిలబెట్టారు. 2011లో బార్బరా మళ్ళీ బ్యాట్‌గర్ల్ అయినప్పుడు ఆ కథ రాసింది ఎవరనుకున్నారు? జాబితా రాసిన గెయిల్ సిమోన్. (చక్రాల కుర్చీలోని తమ నాయికని లాగేసుకున్నారని వికలాంగ పాఠకులు అప్పుడు బాధపడ్డారు. ఆ పోట్లాటా న్యాయమైనదే.) నాకు ‘శక్తిమంతమైన స్త్రీ పాత్ర’ అక్కర్లేదు. మూసేసిన ఫైలు మళ్ళీ తెరిచే వీలు కావాలి.

మనకీ ఉంది ఒక పెద్ద వీరలోకం. మాది పర్చూరు వైపు పత్తి పండే ఊరు. అమ్మమ్మది గురజాల పక్కన, ఇప్పటి పల్నాడు జిల్లా. కారంపూడిలో ఏటా కార్తీక మాసంలో జరిగే వీరుల ఉత్సవానికి చిన్నప్పుడు ఆమెతో వెళ్ళేదాన్ని. పన్నెండో శతాబ్దంలో నాగులేటి ఒడ్డున జరిగిన యుద్ధాన్ని అక్కడ ఇప్పటికీ పాడతారు. అమ్మమ్మ పల్నాటి కథని ఎప్పుడూ మొదటి నుంచి వినలేదు. పగలంతా మిరప కళ్ళంలో తాలు ఏరి, వంట చేసి, అంట్లు కడిగి వెళ్ళేసరికి కథ సగంలో ఉండేది. అయినా కథంతా ఆమెకి తెలుసు. మొదటి సంచిక చదివారా అని అడిగిన కుర్రాడికి అమ్మమ్మని చూపించాలనిపించింది. తాలు ఉందని కళ్ళానికి నిప్పు పెట్టరని మా సీనియర్‌కి చెప్పడానికీ ఆమే కావాలి. ఏరతారు. గుంటూరు యార్డులో ఆ తాలుకీ ఒక ధర ఉంది.

కానీ ఆ కథలో నాగమ్మ? గురజాల కొలువులో మంత్రిణి, రాజ్యం నడిపిన మనిషి. శ్రీనాథుడి పేర ఉన్న ద్విపదలోనూ, 1947లో కన్నాంబ, 1966లో భానుమతి వేసిన సినిమాల్లోనూ యుద్ధం పాపమంతా ఆమె నెత్తినే. కోడిపందెం ఇద్దరూ ఆడారు, మోసం ఆమెది. మాంచాల బాలచంద్రుడికి కత్తి అందించి చావుకి సాగనంపడానికే కథలోకి వస్తుంది. ఫ్రిజ్ మనింట్లోనూ ఉంది. నాగమ్మని తొలి మహిళా మంత్రి అని ఇప్పుడు మెచ్చుకునేవాళ్ళున్నారు, సంతోషం. కానీ పాటలో ఆమె నోరు తెరిచి బ్రహ్మనాయుణ్ణి, తన రాజు నలగామరాజుని, నాకేం చేశారని అడిగే ఘట్టం ఎవరు కడతారు? ఎవరిని కట్టనిస్తారు?

మా జిల్లాల్లో అభిమాని అంటే కటౌట్‌కి పాలు పోసే మగవాడు. అతనికి సంఘం ఉంటుంది, జెండా ఉంటుంది, చాలాసార్లు కులమూ ఉంటుంది. ఆడదానికి అభిమానం ఉందంటే పిచ్చి అంటారు, చదువుకున్నదైతే సిగ్గులేదా అంటారు. అందుకే కమలా ఖాన్ నాకు అంత దగ్గరైంది. 2014లో జి. విల్లో విల్సన్ రాసిన ఈ జెర్సీ సిటీ పాకిస్తానీ పిల్ల వీరవనిత కాకముందే వీరుల మీద సొంత కథలు రాసుకునే అభిమాని. శక్తి రాగానే మొదట బంగారు జుట్టుతో కరోల్ డాన్వర్స్‌లా మారిపోతుంది. తర్వాత తన ఒంట్లో తను ఉండడం నేర్చుకుంటుంది. అలాంటిదాన్ని 2023లో స్పైడర్‌మ్యాన్ పుస్తకంలో, అదీ మరో స్త్రీ రూపంలో ఉండగా చంపారు. నెలల్లోనే తిరిగి బతికించారనుకోండి. ఆపై ఆమె కథని రాసినవాళ్ళలో ఒకరు, తెర మీద కమల వేషం వేసిన ఇమాన్ వెల్లానీ. ఆమె కూడా అభిమానే.

పోయిన ఏడాది మా ఎంఏ పిల్లలకి పల్నాటి కథలో ఏదైనా ఒక ఘట్టాన్ని స్త్రీ పాత్ర వైపు నుంచి మళ్ళీ రాయమన్నాను. కారంపూడి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి మాంచాల రాత్రిని రాసింది. అందులో ఆమె కత్తి అందించదు. తలుపు గడియ వేసి, తెల్లవారేదాకా బాలచంద్రుడిని మాట్లాడిస్తూ కూర్చుంటుంది. బాగా రాసింది, నాకంటే బాగా. పత్రికకి పంపుదామన్నాను. వారం తర్వాత వచ్చి “మా నాన్న చదివాడు మేడమ్. ఊళ్ళో తలెత్తుకోనివ్వరన్నాడు. పేరు లేకుండా వేస్తారా?” అంది. ఆ కాగితాలు నా బల్ల సొరుగులో ఉన్నాయి. ఆ పిల్లకి ఇంకా జవాబు చెప్పలేదు.