వూరి పద్దులో కళకు వాటా

“మురుగుకాలవలు లేని వూళ్ళో నాటకాలెందుకండీ?” అనే ప్రశ్న మన పురపాలక సంఘాల్లోనూ పంచాయతీల్లోనూ చాలాకాలంగా వినిపిస్తున్నది. అడిగేవారు ప్రతిసారీ ఏదో కొత్త సత్యం కనిపెట్టినట్టే అడుగుతారు. అదే సభ్యులు ముఖద్వారాలకూ విగ్రహాలకూ కూడళ్ళ అలంకారానికీ తీర్మానాలు చేసేటప్పుడు మురుగుకాలవ మాట ఎవరికీ గుర్తురాదు. కనుక ఈ ప్రశ్నమీద ఎక్కువ సిరా ఖర్చుపెట్టనక్కరలేదు.

అంతకంటె ఆలోచించవలసిన అభ్యంతరం మన మిత్రులది. సర్కారు సొమ్ము తిన్న కళ సర్కారు పాటే పాడుతుందనీ, ప్రజాకళను ప్రజలే పోషించుకోవాలనీ వారంటారు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి ఏ మునిసిపాలిటీ గ్రాంటు తీసుకున్నదని అడుగుతారు. నాజర్ బుర్రకథకు డబ్బిచ్చిందెవరు? 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన “మాభూమి” నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించిందే గాని పోషించలేదు గదా? ఈ మాటలన్నీ నిజమే. ఇటీవలి సాక్ష్యం కూడా వారి పక్షానే వుంది. తెలంగాణ ఉద్యమానికి గొంతునిచ్చిన పాటగాళ్ళలో దాదాపు 550 మందిని, రాష్ట్రం వచ్చిన తర్వాత, సాంస్కృతిక సారథి పేరుతో జీతానికి పెట్టుకున్నారు. వారికి అప్పగించిన పనిలో ముఖ్యమైనది ప్రభుత్వ పథకాలను వూరూరా పాడి చెప్పడం. ఆకలితో వున్నవాడు జీతం తీసుకున్నాడని నేను తప్పుపట్టను. కాని ధూంధాంలో నిలదీసిన గొంతు పథకాల జాబితా చదవడం చూసి సంతోషించడమూ నావల్ల కాదు.

ఐతే, “ప్రజలే పోషించాలి” అనే మాటను కాస్త విప్పి చూడాలి. ప్రజానాట్యమండలి వెనుక పార్టీ వుంది, రైతుసంఘాలున్నాయి, దళం వూళ్ళోకి వస్తే అన్నంపెట్టే ఇళ్ళున్నాయి. అంటే ఆ పోషణ ఒక నిర్మాణం చేసిన పని. ఆ నిర్మాణం బలహీనపడిన చోట “ప్రజలు” అనే మాట మిగిలింది గాని అన్నంపెట్టే ఇల్లు మిగల్లేదు. ఇక ఏ ఉద్యమంతోనూ సంబంధం లేకుండా వందల ఏళ్ళు ఆడినవారి సంగతి ఏమిటి? చిందు భాగవతులనే తీసుకుందాం. వారు మాదిగవాడల్లో యక్షగానాలాడేవారు. ఏ వూరు ఏ కుటుంబం వాటాకు వస్తుందో ముందే తేలివుండేది. ఆ వూరికి పోయి ఆట ఆడి ప్రతిఫలం పుచ్చుకోవడం వారి మిరాశీ. అడిగి తీసుకునే హక్కు వారికుండేది; ఇచ్చేవాడు దయ చూపుతున్నట్టు ప్రవర్తించడానికి వీలుండేది కాదు. మన సాంస్కృతిక చరిత్రకారులు ఈ విషయాన్ని “ఆశ్రిత కులాలు” అనే ఒక్క మాటతో దాటేస్తారు. ఆ మాటలో ఆశ్రయం కనిపిస్తుంది, హక్కు కనిపించదు.

ఆ హక్కు కులానికి కట్టేసిన హక్కు. అంటరానితనం గీసిన గిరిలోపలి హక్కు. దాన్ని మళ్ళీ తెమ్మని అనేవాణ్ణి నేను కాను. కాని ప్రజాస్వామ్యం వచ్చి ఆ హక్కు స్థానంలో ఏమి పెట్టింది? సన్మానం పెట్టింది, శాలువా పెట్టింది. కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపని చేస్తూ కనిపించాడని పత్రికలు రాశాయి. తోలుబొమ్మలాటకు పేరుపొందిన నిమ్మలకుంటలో దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ వూళ్ళో తోలు ఇప్పుడు ఎక్కువగా దీపాల తొడుగులకూ గోడ అలంకారాలకూ పోతున్నది. రాత్రంతా తెరవెనుక ఆడిన రావణుడు పట్నవాసుల మేడల్లో బల్బు చుట్టూ వేలాడుతున్నాడు. తెలుగు పాఠం చెప్పే మావంటివాళ్ళం పండితారాధ్య చరిత్రలో పాల్కురికి ప్రస్తావన చూపించి, బొమ్మలాట ఎంత ప్రాచీనమో రెండు మార్కుల ప్రశ్న ఇచ్చి సరిపెట్టుకుంటాం.

చట్టం ఏమంటున్నది? 1993లో అమలుకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు 29 విషయాలు చూపించింది. ఇరవయ్యోది గ్రంథాలయాలు, ఇరవైఒకటోది సాంస్కృతిక కార్యక్రమాలు. కాని ఈ అధికారాలను రాష్ట్ర శాసనసభలు “ఇవ్వవచ్చు” అన్నదే గాని “ఇవ్వాలి” అనలేదు. అధికారం కాగితంమీద వుంటే డబ్బు మరొకచోట కట్టుబడి వుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతాన్ని నీటికీ పారిశుద్ధ్యానికీ ముడివేసింది. మంచిదే. అంటే మురుగుకాలవకు పద్దు వుంది, కళకు లేదు. మొదటి పేరాలోని పెద్దమనిషి ఇది గమనిస్తే బాగుండును.

పక్కపక్కనే వున్న ఆ రెండు విషయాల తేడా చూడండి. గ్రంథాలయానికి సెస్సు వుంది: ఇంటిపన్ను రూపాయికి 8 పైసలు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం ఏర్పరచిన పద్ధతి ఇది. ఏ మంత్రీ దయతలచి ఇచ్చే సొమ్ము కాదు గనుకనే, ఫలానా పుస్తకం కొనమని ఆ సెస్సు చెప్పదు. కళకు ఇటువంటిది లేదు. రాష్ట్రస్థాయిలో అకాడమీ వుండేది. దాన్ని 1983లో, స్వయంగా నటుడైన ముఖ్యమంత్రి ప్రభుత్వమే రద్దుచేసింది. ఒక సంతకంతో వచ్చేది ఒక సంతకంతో పోతుంది.

కనుక నేను కోరుతున్నది ఇంటిపన్నులో రూపాయికి 2 పైసలు. ఏటా 10 లక్షలు వసూలయ్యే చోట అది 20 వేలు. పెద్ద మొత్తమేమీ కాదు. కాని అది పద్దులో వుంటుంది, గ్రామసభలో దానికి లెక్క చెప్పాలి. ఏ దళాన్ని పిలవాలో సర్పంచి ఇష్టానికి వదలకుండా గ్రామసభే తేల్చాలి. పంచాయతీమీదనే కథ కట్టి పాడినా ఆ ఏటి వాటా ఆగకూడదని చట్టంలో రాయాలి. ఇక చాలకపోతే మరో దారీ వుంది. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు వినోదపు పన్నును అందులో కలిపేశారు గాని, స్థానిక సంస్థలు వేసే వినోదపు పన్నును వాటికే విడిచిపెట్టారు. తమిళనాడు ఆ ఏడాదే దానికి చట్టం చేసుకుంది. సినిమా టిక్కెట్టులోని కొన్ని పైసలు వీధి నాటకానికి మళ్ళితే సినిమా పరిశ్రమ కూలిపోదు.

సర్కారు సొమ్ము కళను లొంగదీస్తుందనే మిత్రులకు నా మనవి ఒకటే. లొంగదీసేది ఎప్పుడైనా ఆపగలిగిన సొమ్ము. ఉపాధ్యాయుడికి జీతం ప్రభుత్వమే ఇస్తున్నది. ఐనా మనం ప్రభుత్వాన్ని విమర్శిస్తూనే వున్నాం. ఉద్యోగం ఒకరి దయమీద నిలబడేది కాకపోవడంవల్లనే అది సాధ్యపడుతున్నది.

చట్టం వున్నంతమాత్రాన సొమ్ము నడిచి రాదు. ఇళ్ళ యజమానుల దగ్గర గ్రంథాలయ సెస్సు వసూలుచేసి గ్రంథాలయ సంస్థలకు జమచేయకుండా ఏళ్ళతరబడి బకాయి పెట్టిన స్థానిక సంస్థలు రెండు రాష్ట్రాల్లోనూ వున్నాయి. కాలేజీల్లో వున్న మనం ముందు మన వూరి బకాయి ఎంతో సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టి అడగవచ్చు. జవాబు వచ్చిన తర్వాత అదే కార్యాలయంలో రెండు పైసల సంగతి ఎత్తుదాం.