బ్రేడీ ప్రతిభకు బంతిలోని గాలి కొలమానమా?

సంపాదకులకు,

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ బ్రేడీ విజయాలన్నీ న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్ జట్టు మోసాల ఫలమేనని గత సంచికలోని వ్యాసం తేల్చిపారేయడం సబబు కాదు. ప్రత్యర్థి శిక్షకుల సైగలను 2007లో అక్రమంగా చిత్రీకరించి ఆ జట్టు జరిమానా కట్టిన మాట, బంతుల్లో గాలి తగ్గించిన వివాదంలో బ్రేడీ 2016లో నాలుగు మ్యాచ్‌ల నిషేధం అనుభవించిన మాట నిజమే. అయితే వివాదానికి మూలమైన 2015 జనవరి నాటి ఇండియానాపొలిస్ కోల్ట్స్ మ్యాచ్‌లో, విరామానికి 17-7గా ఉన్న ఆధిక్యం, రెఫరీలు బంతుల్లో మళ్లీ గాలి నింపిన తరువాతే 45-7కు పెరిగిందన్న సంగతిని విస్మరించరాదు. క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే దాడిని నడిపిస్తూ బంతిని విసిరే ఆటగాడిగా, పేట్రియాట్స్‌కు ఆరు సూపర్ బౌల్ టైటిళ్లు అందించిన బ్రేడీ, ఏడోదాన్ని టాంపా బే జట్టుతో 2021లో గెలిచాడు. పాత జట్టుపై ఉన్న అయిష్టం ఈ ఏడో గెలుపుకు వర్తించదు.

– ఒక పాఠకుడు