ఆ మగ్గు కింద పెట్టండి

డిసెంబర్ వచ్చిందంటే హైదరాబాద్ బాల్కనీల్లో పసిమొక్కలు చావడం మొదలవుతుంది. చలికి కాదు. ఈ ఊరి చలికి చచ్చేంత బలహీనమైన మొక్కల్ని మనం పెంచడం లేదు. అవి చచ్చేది నీళ్ళకి. పోసేవాళ్ళు ఎవరో పట్టింపులేని మనుషులూ కారు, మొక్కల్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళే. ఆకు పసుపెక్కితే ఒక మగ్గు, రాలితే రెండు మగ్గులు, కొమ్మ బోసిపోతే పైన ఇంత ఎరువు. జనవరి చివరికి కాండం మొదలు మెత్తబడిపోతుంది. అప్పుడు ఫొటో తీసి, ఏడుపు బొమ్మ పెట్టి, 'చలికి తట్టుకోలేకపోయింది' అని రాస్తారు.

నేనూ రాశాను. ఒక జూన్‌లో దేవగన్నేరు విత్తనాలు వేస్తే తొమ్మిది మొలిచాయి. డిసెంబర్‌కి జానెడెత్తు అయ్యాయి. ఆకులు రాలడం మొదలవగానే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. రోజూ నీళ్ళు, వారానికోసారి వర్మీకంపోస్టు, రాత్రయితే హాల్లోకి మోసుకురావడం. ఆరు కుళ్ళిపోయాయి. మిగిలిన మూడూ నా సేవ వల్ల బతకలేదు. అవి అందరికంటే ముందు ఆకులన్నీ రాల్చేసరికి, చచ్చాయనుకుని టెర్రస్ మీద ట్యాంకు పక్కన పడేశాను. మార్చిలో కుండీలు ఖాళీ చేద్దామని వెళ్తే మూడింటికీ కొసల్లో చిగురు. నేను ప్రేమించినవి పోయాయి, వదిలేసినవి బతికాయి. అప్పట్నుంచీ చలికాలపు 'కేర్ టిప్స్' ఎక్కడ కనబడినా నాకు కోపం వస్తుంది. ఈ వ్యాసం ఆ కోపమే.

ముందు మొక్క సంగతి. దేవగన్నేరుని మనం గుడి చెట్టు చేసుకున్నాం గానీ దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు. అక్కడ ఏడాదిలో కొన్ని నెలలు వానే ఉండదు. నీళ్ళు లేనప్పుడు ఆకులుంటే నష్టం, ఆకుల్లోంచే కదా తడి ఆవిరైపోయేది. అందుకని అది ఆకులు దులిపేసి, లావుపాటి కాండంలో దాచుకున్న తడితో కాలం గడుపుతుంది. పగళ్ళు కురచై, రాత్రులు చల్లబడితే మన దగ్గరా అదే పని చేస్తుంది. అది జబ్బు కాదు, నిద్ర. నిద్రలో ఉన్నదాని వేళ్ళు నీళ్ళు తాగవు. మనం పోసింది పోసినట్టు కుండీలో నిలుస్తుంది. మట్టిలో గాలి ఆడదు, వేళ్ళకి ఊపిరి అందదు, కుళ్ళు మొదలవుతుంది. కుళ్ళిన వేళ్ళు నీళ్ళు పీల్చలేవు కాబట్టి ఉన్న నాలుగాకులూ వాడతాయి. అది చూసి మనం ఇంకో మగ్గు పోస్తాం.

మరి ఇంత తేలికైన విషయం మనకెందుకు తెలియదు? నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, మనం చదివే సలహాలు మన ఊరివి కావు. అమెరికా వ్యవసాయ శాఖ 1960లో ఒక పటం వేసింది. ఏడాదిలో అతి చల్లటి రాత్రి ఉష్ణోగ్రత ఎంతకి పడుతుందన్న లెక్క మీద దేశాన్ని జోన్లుగా విడగొట్టింది. అక్కడి తోటపని పుస్తకాలూ వీడియోలూ ఆ జోన్ల భాషలోనే మాట్లాడతాయి. ఆ భాషలో 'వెచ్చని ప్రాంతం' అంటే ఫ్లోరిడా, దక్షిణ టెక్సస్ లాంటివి. అక్కడ ఏడాదంతా వెచ్చగా ఉండి, ఒక్క రాత్రి మంచు గడ్డకడితే చాలు, లేత దేవగన్నేరు నల్లబడిపోతుంది. కాబట్టి వాళ్ళు కుండీల్ని లోపలికి మోయడం న్యాయమే. డాలస్‌లో మా పిన్ని కరివేపాకు కుండీని నవంబర్‌లో గరాజ్‌లోకి చేర్చి, పసిపిల్లని చూసినట్టు చూస్తుంది. ఆవిడకది అవసరం. హైదరాబాద్‌లో జనవరి పగలు ఎండ చుర్రుమంటూనే ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత మామూలుగా పద్నాలుగు, పదిహేను డిగ్రీలు, చలిగాలులు వీచిన రోజుల్లో పది. ఇక్కడ మొక్కని ఫ్లాట్‌లోకి తెస్తే దానికి దొరికే వెచ్చదనం తక్కువ, పోయే వెలుగు ఎక్కువ. పక్క అపార్ట్‌మెంట్ గోడ తప్ప ఏమీ కనబడని హాల్లో పెట్టి, అది చాలదని గ్రో లైటు కొంటున్నాం. బయట ఎండ ఊరికే దొరుకుతోంది!

రెండోది, అంగడి. నిద్రపోయే మొక్కకి ఏమీ అమ్మలేరు. అందుకే ఆకు రాలడం అనే మామూలు పనిని ఒక సమస్య చేసి, దానికి సీసాలో మందు పోసి 'బూస్టర్' అని పేరు పెట్టారు. ఏడాది పొడవునా పూలు కావాలనే ఆశ మనలో లేకపోతే ఆ సీసా అమ్ముడుపోదు.

మూడోది మన సాహిత్యం. ఇక్కడ నాకు కోపం ఇంకా ఎక్కువ. మన కవిత్వంలో ఆకు రాలితే ఎవరో పోయినట్టే. శిశిరం అంటే వియోగం, ముసలితనం, చావు. మోడు అన్న మాటే తిట్టులా వాడతాం. ఫిబ్రవరిలో ఒకసారి వరంగల్ మీదుగా ఖమ్మం వైపు వెళ్ళి చూడండి. ఆకు అన్నదే లేకుండా మోదుగ చెట్టు నిప్పు అంటుకున్నట్టు పూసి ఉంటుంది. బూరుగూ అంతే. బోడికొమ్మ మీద పువ్వు పూసే నేల మనది. అయినా బోడికొమ్మ కనబడగానే చావు గుర్తొచ్చేలా కళ్ళని తయారుచేసుకున్నాం. ఆ కళ్ళతోనే బాల్కనీలోకి వెళ్ళి, బతికున్న మొక్కకి వైద్యం మొదలుపెడతాం. పోలిక చెడ్డదైతే ఒక కవిత పాడవుతుంది, పోనీ అనుకోవచ్చు. ఆ పోలికని నమ్మితే మొక్క పోతుంది.

మల్లె రైతుని అడగండి. మైలవరం వైపు తోటల్లో వేసవికి పూయాల్సిన మల్లెని చలికాలంలో ఏం చేస్తారో తెలుసా? నీళ్ళు ఆపేస్తారు. మొక్కని ఎండగడతారు. ఆకు దూసేస్తారు, కొన్నిచోట్ల గొర్రెల్ని తోటలోకి తోలి మేపిస్తారు. కొమ్మలు కత్తిరించి, ఆ తర్వాతే ఎరువు వేసి తడి పెడతారు. ఏప్రిల్ సాయంత్రం మనం మూర లెక్కన కొనుక్కునే వాసన ఆ ఎండగట్టడంలోంచి వచ్చింది. తెలుగులో మల్లె లేని ప్రేమ కవిత వెతకాలంటే కష్టం. డిసెంబర్ మల్లెతోటలో మేస్తున్న గొర్రెలు మాత్రం నేను చదివినంతలో ఎక్కడా కనబడలేదు.

ఒక అభ్యంతరం న్యాయమైనది. 'అది ముదురు తోట, మాది పసిమొక్క, నీళ్ళు మానేస్తే ఎండిపోదా?' నిజమే. మొదటి ఏడాది దేవగన్నేరుకి పెద్దదాని లాంటి లావు కాండం ఉండదు, దాచుకున్న తడి తక్కువ. పూర్తిగా ఎండగట్టడం దానికి పనికిరాదు. నా మూడూ ట్యాంకు పక్కన ఉండబట్టి దాని తేమ కొంత అందిందేమో. అందుకని మట్టిలో రెండు కణుపుల లోతున వేలు పెట్టి చూడండి. లోపలా పొడిగా ఉంటేనే, అదీ ఎండ ఎక్కాక, కొద్దిగా నీళ్ళివ్వండి. కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు నిలవకూడదు. దక్షిణపు ఎండ తగిలే గోడ పక్కన పెట్టండి. పగలు కాగిన గోడ రాత్రి కాస్త వెచ్చదనం ఇస్తుంది. మరీ చలి రాత్రయితే పాత నూలు చీర కప్పి, పొద్దున్నే తీసేయండి. చిగురు వేసేదాకా ఎరువు వద్దు, కుండీ మార్చడం వద్దు.

ఇది అన్ని మొక్కలకీ సూత్రం అనుకోకండి. మందారం ఇలా నిద్రపోదు, నెమ్మదిస్తుందంతే. దానికి నీళ్ళు తగ్గించాలి గానీ ఆపకూడదు, ఆకుల అడుగున పిండినల్లి కోసం చూస్తుండాలి. ఏ మొక్క సంగతి ఆ మొక్కదే. తెలుసుకోవాలంటే ఫోన్లోకి కాదు, కుండీలోకి చూడాలి.

'పూలకుండీల గురించి ఇంత గొడవా?' అని ఒక మిత్రుడన్నాడు. గొడవ కుండీ గురించే. దీంట్లోంచి 'మనుషులకీ విశ్రాంతి కావాలి' లాంటి నీతి తీసి స్టేటస్ పెట్టుకోకండి, దయచేసి. మొక్కని మళ్ళీ పోలిక చేసేశామంటే దాన్ని చూడటం మళ్ళీ మానేసినట్టే. నాకు కావాల్సింది చాలా చిన్నది. ఈ డిసెంబర్‌లో మీ దేవగన్నేరు ఆకులు రాల్చినప్పుడు, కాండం మొదలు దగ్గర రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోతే ఆలస్యమైపోయింది. గట్టిగా ఉంటే అది బతికే ఉంది, తన పని తను చేసుకుంటోంది.

ఇక ఆ మగ్గు కింద పెట్టండి.