ముద్ర వేశారంటే మాట ఇచ్చినట్టే

మీ జేబులో ఉన్న పర్సు ఒకసారి బయటికి తీసి చూడండి. లోపల ఓ మూల ఏదో పేరు ఒత్తి ఉంటుంది. అది అమ్మిన కంపెనీ పేరు. ఆ తోలు కోసిన చెయ్యి ఎవరిది, కుట్టిన చెయ్యి ఎవరిది అంటే మాత్రం జవాబు దొరకదు.

ఉద్యోగం కోసం వెతుక్కుంటూనే చేత్తో పర్సులు, బెల్టులు, కీచైన్లు కుట్టి అమ్మాలని ఆలోచించే వాళ్లు మీలో ఉన్నారు. పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. నాలుగైదు పనిముట్లు, ఓ బల్ల, కొంచెం ఓపిక ఉంటే మొదలుపెట్టేయొచ్చు. నాలుగు వస్తువులు అమ్ముడుపోగానే వచ్చే మొదటి ప్రశ్న, ‘నా లోగో ఎలా ఉండాలి?’ అని. మంచి ప్రశ్నే. కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. ఆ ముద్ర చూసి మీ దగ్గరికి తిరిగి వచ్చే మనిషికి మీరు ఏం జవాబు చెబుతారు?

ఎందుకంటే ముద్ర అలంకారం కోసం వేసేది కాదు. ‘ఇది నేనే చేశాను, తేడా వస్తే నన్నే అడగండి’ అని రాసిచ్చే పూచీకత్తు అది.

పేరు లేని పనితనం

మన ఊళ్లలో చెప్పులు కుట్టినవాళ్లు, మోట బావికి తోలు బొక్కెన చేసినవాళ్లు, డప్పుకు తోలు బిగించినవాళ్లు తరతరాలుగా పనిచేశారు. ఊరంతా ఆ పని వాడుకుంది. చేసినవాళ్లను మాత్రం ఊరి చివర పెట్టింది. వాళ్ల పేరు ఏ వస్తువు మీదా లేదు. తోలు పని అంటే చిన్నచూపు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆ ఇళ్ల నుంచి చదువుకుని వచ్చిన కుర్రాడో, అమ్మాయో తన పేరు తోలు మీద ఒత్తి అమ్మడం చిన్న విషయమేమీ కాదు.

పేరు లేకపోతే ఏమవుతుందో 2025 జూన్‌లో అందరూ చూశారు. ఇటలీలోని మిలాన్ నగరంలో ప్రాడా సంస్థ జరిపిన ఫ్యాషన్ షోలో అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివే కనిపించాయి. మొదట కొల్హాపూర్ మాటే లేదు. మన దేశంలో విమర్శలు రేగాక, ఆ డిజైన్‌కు భారతీయ సంప్రదాయ పాదరక్షలే ప్రేరణ అని ఆ సంస్థ ఒప్పుకుంది. అంత గట్టిగా అడగడానికి మనవాళ్లకు ఒక ఆధారం ఉంది. మహారాష్ట్రలో నాలుగు, కర్ణాటకలో నాలుగు జిల్లాల్లో తయారయ్యే కొల్హాపురి చెప్పులకు 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన తోలుబొమ్మలకు కూడా ఆ గుర్తింపు ఉంది. శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో తోలుబొమ్మలతో పాటు దీపాల షేడ్లు చేసే కుటుంబాలు దానికి వారసులు.

అయితే భౌగోళిక గుర్తింపు ఊరికి, ప్రాంతానికి చెందిన ముద్ర. చేసిన మనిషెవరో అది చెప్పదు. ఆ ఖాళీని నింపేది మీ సొంత ముద్రే.

బంగారం కొనేటప్పుడు హాల్‌మార్క్ చూస్తాం కదా. 2021 నుంచి హాల్‌మార్క్ వేసే నగలకు ఆరు అక్షరాలు, అంకెల కోడ్ వేస్తున్నారు. తేడా వస్తే ఎవర్ని పట్టుకోవాలో తెలియడం కోసమే అదంతా. ఖరీదైన ఫ్రెంచ్ సంస్థ ఎర్మెస్ కూడా తన బ్యాగులో ఏ సంవత్సరం చేశారో, ఏ పనివాడు చేశాడో తెలిపే చిన్న గుర్తు వేస్తుంది. మనకు అంత హంగు అక్కర్లేదు. ఆ పద్ధతి వెనకున్న ఆలోచన తీసుకుంటే చాలు.

గుర్తు ఎలా ఉండాలి?

చిన్నగా, సింపుల్‌గా ఉండాలి. కంప్యూటర్ స్క్రీన్ మీద పెద్దగా చూసి మురిసిపోయిన లోగో, పర్సు మీద 15 మిల్లీమీటర్లకు తగ్గేసరికి ముద్దగా మారుతుంది. అందుకే ముందు కాగితం మీద అసలు సైజులో ప్రింట్ తీయండి. చెయ్యి చాచి పట్టుకుని చూడండి. చదవగలిగితే సరే. లేకపోతే గీతలు తగ్గించండి. సుమారు అర మిల్లీమీటరు కంటే సన్నటి గీత తోలు మీద సరిగా పడదు. అక్షరం లోపలి ఖాళీలు మరీ చిన్నవైతే పూడుకుపోతాయి.

తెలుగులో పేరు వేసుకుంటారా? తప్పకుండా వేసుకోండి. మన అక్షరాల గుండ్రటి వంపులు తోలుకు బాగా కుదురుతాయి. పదునైన మూలలు తోలు పైపొరను కోసే ప్రమాదం ఉంటుంది, వంపులతో ఆ ఇబ్బంది తక్కువ. కానీ కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. చిన్న సైజులో ‘ప’ తలకట్టు కిందికి అంటుకుంటే అది ‘వ’ అయిపోతుంది. ‘ఝ’, ‘ఘ’ లాంటివి గుర్తుపట్టడం కష్టం. జ్యోత్స్న అనే అమ్మాయి పూర్తి పేరు వేస్తే ఒత్తు కింద ఒత్తు చేరి మచ్చలా కనిపిస్తుంది. ‘జ్యో’ ఒక్కటీ తీసుకుని చుట్టూ ఓ వలయం గీస్తే సరిపోతుంది. ఇంకో మాట, అచ్చు మీద అక్షరం అద్దంలో కనిపించినట్టు తిరగేసి ఉండాలి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే ఇది మాట్లాడుకోండి.

అచ్చు దేనితో చేయించాలి? ఎక్కువ కాలం మన్నేది ఇత్తడి. పెళ్లి శుభలేఖల మీద బంగారు రంగు అక్షరాలు వేసే ప్రెస్సులకు లోహపు బ్లాకులు చేసిచ్చేవాళ్లు నగరాల్లో ఉంటారు. వాళ్లను అడిగితే చేసిస్తారు. జింకు, మెగ్నీషియం బ్లాకులు చవక, కానీ త్వరగా అరుగుతాయి. మొదటి నమూనాకు అవి చాలు. డిజైన్ ఖాయమయ్యాకే ఇత్తడికి డబ్బు పెట్టండి. ఆరు నెలలకోసారి లోగో మార్చేవాడిని కొనేవాళ్లు గుర్తుపెట్టుకోరు.

ఒత్తే పనిలో మెలకువలు

అన్ని తోళ్ల మీదా ముద్ర ఒకేలా పడదు. చెట్ల బెరడుతో, కాయలతో పదును చేసిన తోలు, అంటే వెజిటబుల్ ట్యాన్డ్ లెదర్, ముద్రను పట్టి ఉంచుకుంటుంది. దక్షిణాదిలో ఈ పనికి తంగేడు బెరడు, కరక్కాయ వాడేవారు. బతుకమ్మలో పేర్చే ఆ తంగేడే. మార్కెట్లో దొరికే మెత్తటి తోలు చాలావరకు క్రోమియంతో పదును చేసింది. దాని మీద ఎంత గట్టిగా ఒత్తినా కాసేపటికి పైకి లేచి గుర్తు చెరిగిపోతుంది. అలాంటప్పుడు వేడి అచ్చుతో ఫాయిల్ వేయాలి. లేదంటే వెజిటబుల్ ట్యాన్డ్ ముక్క మీద ముద్ర వేసి, దాన్ని లోపల కుట్టేయాలి.

పని వరస ఇదీ. కుట్టుకు ముందే, తోలు బల్లపరుపుగా ఉన్నప్పుడే ముద్ర వేయాలి. పర్సు మొత్తం కుట్టాక వేస్తే కింద ఉన్న మడతలు కూడా అచ్చులో పడతాయి. స్పాంజితో తోలును తడపండి. వెంటనే ఒత్తకండి. తడి లోపలికి ఇంకి, పైన అసలు రంగు తిరిగి వస్తున్నప్పుడు ఒత్తాలి. మరీ తడిగా ఉంటే అంచులు ఉబ్బుతాయి. ఆరిపోతే గుర్తు లోతుగా దిగదు. కింద గ్రానైట్ పలక లాంటి గట్టి ఆధారం ఉండాలి. అచ్చు మీద ఇనుప సుత్తి వాడకండి, చెక్కదో నైలాన్‌దో వాడండి. రెండోసారి కొడితే అచ్చు కదిలి జోడు గీతలు వస్తాయి. పెద్ద ముద్రలకు చేతిప్రెస్సు మేలు, బరువు అన్నివైపులా సమానంగా పడుతుంది. అసలు వస్తువు మీదికి వెళ్లే ముందు అదే తోలు తుక్కు ముక్కల మీద పదిసార్లు ప్రాక్టీస్ చేయండి. ఒక్క తప్పు ముద్రతో పూట పని పాడవుతుంది.

ఎక్కడ వేయాలి? పర్సుకు లోపలి కింది మూల, బెల్టుకు బకిల్ దగ్గర వెనక వైపు, బ్యాగుకు మూత లోపలి భాగం. కొన్నవాళ్లు మీ పేరు మోసే హోర్డింగులు కారు. చూడాలనుకున్నప్పుడు కనిపిస్తే చాలు.

ముద్ర పక్కన చిన్న అంకెల పంచ్‌తో ఏడాది, వరస నంబరు కూడా వేయండి. ఓ నోట్‌బుక్‌లో ఆ నంబరు ఎదురుగా తోలు ఎక్కడ కొన్నారు, ఏ దారం వాడారు, ఎవరికి అమ్మారు అన్నది రాసుకోండి. రెండేళ్ల తర్వాత కుట్టు ఊడిందని ఎవరైనా వస్తే, తప్పు ఎక్కడ జరిగిందో ఆ నోట్‌బుక్ చెబుతుంది. మీరు పని నేర్చుకునేది అక్కడే.

చట్టం ఏమంటోంది?

ట్రేడ్ మార్క్స్ చట్టం 1999లో వచ్చింది. ముద్ర ఖాయం చేసుకునే ముందు ట్రేడ్ మార్క్స్ రిజిస్ట్రీ ఆన్‌లైన్ రికార్డుల్లో అలాంటిది ఇప్పటికే ఉందేమో వెతకండి. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. బ్యాగులు, పర్సులు 18వ తరగతిలోకి వస్తాయి. చెప్పులు, బూట్లు, నడుముకు పెట్టుకునే బెల్టులు 25వ తరగతిలోకి. వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి ఫీజు రూ.4,500. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నై కార్యాలయమే. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ చేసుకోవచ్చు.

‘హైదరాబాద్ లెదర్’ లాంటి పేర్లు రిజిస్టర్ కావడం కష్టం. ఊరి పేరు, సరుకు పేరు ఒక్కరి సొత్తు కావు. దేవుళ్ల పేర్లు, బొమ్మలు తోలు మీద, అందులోనూ చెప్పుల మీద వద్దు. మత భావాలను నొప్పించే గుర్తులను చట్టమే తిరస్కరిస్తుంది. జాతీయ చిహ్నాల జోలికి అసలే పోవద్దు. రిజిస్టర్ కాకుండానే గుండ్రటి గీతలో ‘ఆర్’ గుర్తు వేయడం చట్టరీత్యా తప్పు. అంతవరకు ‘టీఎం’ అని వేసుకోవచ్చు.

‘బ్రో, ఫలానా బ్రాండ్ ముద్ర వేసివ్వు, డబుల్ ఇస్తాను’ అనేవాళ్లు తప్పకుండా తగులుతారు. ఒప్పుకోకండి. ఇతరుల ట్రేడ్‌మార్కును దొంగతనంగా వేస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, పైగా జరిమానా. అప్పటిదాకా నేర్చుకున్న పనికి కూడా నకిలీ పేరు మిగులుతుంది.

ఎప్పుడు వేయకూడదు?

అసలు పరీక్ష ఇక్కడే. బయట హోల్‌సేల్‌లో కొన్న పర్సు మీద మీ ముద్ర ఒత్తి ‘చేత్తో చేశాను’ అంటే అది అబద్ధం. రెగ్జిన్ మీద ముద్ర వేసి తోలు అని అమ్మితే మోసం. కుట్టు వంకర పోయిన వస్తువు మీద ముద్ర వేయకండి, లోపం చెప్పి తక్కువ ధరకు ఇచ్చేయండి. ఆర్డర్లు పెరిగి మీ వీధిలోని పాత చెప్పుల షాపు పెద్దాయన చేత కుట్టిస్తున్నారనుకోండి. ఆయన పేరులో మొదటి అక్షరం మీ ముద్ర పక్కన ఎందుకు ఉండకూడదు? తరతరాలుగా పేరు లేకుండా చేసిన పనికి మీరు కూడా పేరు లేకుండా చేస్తే, మారిందేంటి?

‘కడుపు నిండాలి కదా, కంపెనీల గిఫ్ట్ ఆర్డర్లకు మన పేరు ఎవరు వేయనిస్తారు?’ అని మీరు అడగొచ్చు. నిజమే, అలాంటి ఆర్డర్లే అద్దె కట్టిస్తాయి. తీసుకోండి. లోపలి మడతలో మీ చిన్న గుర్తుకు చోటు అడగండి. ఇవ్వకపోయినా పని చేయండి. కానీ నెలకు కొన్నయినా మీ ముద్రతో బయటికి వెళ్లేలా చూసుకోండి. పేరు లేని సరుకుకు ధర ఒక్కటే కొలత. రూపాయి తక్కువకు ఇచ్చేవాడు దొరికితే ఆ ఆర్డర్ పోయినట్టే. పేరున్న సరుకు కోసం కొన్నవాళ్లు వెతుక్కుంటూ వస్తారు.

పని లోతుగా నేర్చుకోవాలంటే హైదరాబాద్‌లోనే ఎఫ్‌డీడీఐ క్యాంపస్ ఉంది. చెన్నైలో కేంద్ర తోలు పరిశోధన సంస్థ సీఎల్‌ఆర్‌ఐ ఉంది. ఇంట్లో చెప్పులు, బూట్లు కుట్టే వృత్తి ఉన్నవాళ్లు 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం చూడండి. శిక్షణ రోజుల్లో రోజుకు రూ.500 భత్యం, పనిముట్లకు రూ.15,000 వరకు సాయం అందులో ఉన్నాయి.

రేపు డిజైన్ సంస్థలో ఇంటర్వ్యూకు వెళ్లినా, ముద్ర, నంబరు ఉన్న నాలుగు వస్తువులు, ఆ నోట్‌బుక్ బల్ల మీద పెట్టండి. వందమంది రెజ్యూమేల్లో ‘బాధ్యత తీసుకుంటాను’ అని రాసి ఉంటుంది. మీ చేతిలో దానికి సాక్ష్యం ఉంటుంది. అందుకే ఇత్తడి అచ్చుకు ఆర్డర్ ఇచ్చే ముందు, ఇప్పటివరకు మీరు కుట్టినవాటిలో దేని మీద పేరు వేయడానికి వెనకాడరో ఒకటి ఎంచి చూడండి. అలాంటిది దొరికితే అచ్చు చేయించండి. దొరక్కపోతే ఇంకో పది కుట్టండి.